అవ్వ గోడ మీది పురుగు

పోయిన ఆదివారం పొద్దున నేను గ్లాసులో చాయ్ పోసుకొని మేడ మెట్ల మీద కూర్చున్నానో లేదో, మా ఇంటి ఓనరు మనవరాలు ఒక చేతిలో రంగు కాగితాల కట్ట, ఇంకో చేతిలో గమ్ము సీసా, చంకలో అట్టముక్క పెట్టుకొని పైకి వచ్చింది. రెండో తరగతి పిల్ల. బడిలో వృత్తం, చతురస్రం, త్రిభుజం నేర్పిస్తున్నారట. ఆ ఆకారాలు మాత్రమే కత్తిరించి, అతికించి, లోకంలో ఎక్కడా లేని ఒక పురుగును తయారు చేసుకొని రమ్మన్నారట. పెయింటర్ తాతవు కదా, నీకు రాదా అని అడిగింది. నాకు రాకపోవడమేమిటి, ఈ జహీరాబాద్‌లో ఆ పని నాకు వచ్చినంత ఇంకెవరికీ రాదు. కానీ ఆ పిల్ల తలకు ఒక వృత్తం, ఛాతీకి ఒక చతురస్రం, కడుపుకు పొడుగాటి త్రిభుజం వరసగా నా ముందు పేర్చేసరికి, చాయ్ చల్లారిపోయేదాకా నేను గ్లాసు ఎత్తలేదు. ఆ పురుగును నేను ఎరుగుదును. నలభై ఏళ్ళ కింద దాన్ని చేసింది నేనే. దాన్ని నమ్ముకొని ఒక అవ్వ తన కంది పంట పోగొట్టుకుంది.

ఈ సంగతి నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆమె ఉన్న రోజుల్లో ఆమెకు సగం చెప్పాను, మిగతా సగం రేపు మాపు అనుకుంటూ ఉండగానే ఆమె వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. ఈ పై గదిలో ఇప్పుడు నాతో ఉన్నవి ఒక మంచం, ఒక స్టవ్వు, బ్రష్షులు ఎండిపోయిన డబ్బా, లైబ్రరీలో చెదలు పట్టాయని తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్న ఒక బీరువాకు సరిపడా పుస్తకాలు. అందుకని మీకు చెబుతున్నాను. నా ఈడు వాళ్ళయితే నేను విడమరిచి చెప్పకపోయినా కొంత అర్థమవుతుంది.

మన రోజుల్లో ఊళ్ళోకి కబురు గోడల మీదుగా వచ్చేది కదా. బీడీ కట్ట, బట్టల సబ్బు, ఎరువు బస్తా, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, అన్నీ సున్నం వేసిన గోడల మీదే మనకు పరిచయమయ్యాయి. ఆ గోడలు రాసే వాళ్ళలో రెండు రకాలుండేవారు. అక్షరాల వాళ్ళు, బొమ్మల వాళ్ళు. నేను అక్షరాల వాణ్ణి. నాకు పని నేర్పిన ఉస్తాద్ బొమ్మల వాడు. ఆయన బొగ్గుముక్క పట్టుకొని గోడకు ఎదురుగా కాసేపు ఊరికే నిలబడి, తర్వాత ఎద్దును తోకనుంచి మొదలుపెట్టి మూతి దగ్గర ముగించేవాడు. ముగిసేసరికి ఆ ఎద్దు మన వైపు చూసేది. నాకు అట్లా రాదు. నా పనిముట్లు ఒక మేకు, ఒక సుతిలి తాడు, నీలం పొడి అద్దిన దారం, మూడడుగుల కర్ర స్కేలు. దారాన్ని రెండు కొసలా బిగించి మధ్యలో లాగి వదిలితే గోడ మీద నీలం గీత పడుతుంది. మేకు పాతి సుతిలి కట్టి తిప్పితే వృత్తం పడుతుంది. మన తెలుగు అక్షరాలన్నీ వృత్తం ముక్కలే కాబట్టి నాకు అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు.

వృత్తాలు, లంబ రేఖలు, సమాన కోణాలు నాకు బడిలో రాలేదు. ఏడో తరగతితోనే నా బడి ఆగిపోయింది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకొని బీదర్ వైపు వెళ్ళిపోయాడు, నేను మేనత్త ఇంటి వసారాలో పెరిగి మీసాలు వచ్చేసరికి పని వెతుక్కున్నాను. నాకు చదువు చెప్పింది మా ఊరి లైబ్రరీ. రెండు గదులు, ముందర పేపర్లు చదివే పొడుగు బల్ల, లోపల తాళం వేసిన అద్దాల బీరువాలు. అక్కడి సారు మొదట్లో నా చేతులకంటిన రంగు చూసి పుస్తకం ఇవ్వడానికి జంకేవాడు; నేను కిరోసిన్‌తో చేతులు కడుక్కొని, మళ్ళీ సబ్బుతో కడుక్కొని, ఎండలో ఆరబెట్టుకొని వెళ్ళేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయనే బీరువా తాళంచెవి నా చేతికిచ్చి, నీకేం కావాలో నువ్వే తీసుకో అనేవాడు. ఆ తాళంచెవి నా చేతిలో పడిన రోజు నేను పొందిన గర్వం తర్వాత నా పెళ్ళి నాడు కూడా పొందలేదు, అబద్ధమెందుకు. క్షేత్రగణితం పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మూడుసార్లు చదివాను. నక్షత్రాల గురించి, నత్తల గురించి, రైలింజను గురించి చదివాను. అయితే చదివింది చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు. ఉస్తాద్‌కు అక్షరం ముక్క రాదు, నేను రాసిందాన్ని ఆయన బొమ్మలాగే చూసేవాడు. తోటి పనివాళ్ళు నన్ను పంతులూ అని ఎగతాళి చేసేవారు. తల నిండా ఉన్నది ఎవరికైనా వినిపించాలన్న ఆకలి ఎట్లాంటిదో ఒంటరిగా చదువుకున్న వాళ్ళకు తెలుస్తుంది.

అట్లాంటి రోజుల్లో పట్టణంలో విత్తనాలు, మందులు అమ్మే ఒక సేటు ఉస్తాద్‌ను పిలిచి, ఝరాసంగం వైపు, మొగుడంపల్లి వైపు ఊళ్ళలో గోడలు రాయాలన్నాడు. పైన ఒక పెద్ద పురుగు బొమ్మ, కింద ఈ పురుగు కనబడిందా, వెంటనే మా దుకాణానికి రండి అన్న మాట, దాని కింద దుకాణం పేరు. ఏ పురుగు వెయ్యాలని అడిగితే సేటు నవ్వి, ఏదో ఒకటి వెయ్యండి, చూస్తే దడుచుకోవాలి అన్నాడు. పని ఒప్పుకున్న నాలుగో రోజున ఉస్తాద్ నిచ్చెన మీద నుంచి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నువ్వు అక్షరాలు రాసుకుంటూ పో, బొమ్మ జాగా విడిచిపెట్టు, కట్టు విప్పినాక నేనొచ్చి వేస్తానన్నాడు. నేను విన్లేదు. బొమ్మ కూడా నేనే వేస్తానన్నాను. పుస్తకాలున్నాయి కదా, చూసి వేస్తాను అనుకున్నాను.

లైబ్రరీలో కీటకాల మీద ఒకే ఒక్క పుస్తకం ఉండేది. బీరువా తెరిచి, పైకి తీసి, విప్పి చూస్తే బొమ్మల పేజీ లేదు. బ్లేడుతో అంచు దాకా నీటుగా కోసి ఎవరో పట్టుకుపోయారు. సారు బాధపడి, ఎవరి పిల్లలకో బడిలో పటాలు అతికించుకొని రమ్మని ఉంటారు అన్నాడు. నాకు మిగిలింది రాత ఒక్కటే. కీటకం శరీరం మూడు భాగాలు: తల, ఛాతీ, ఉదరం. ఛాతీకి మూడు జతల కాళ్ళు, రెండు జతల రెక్కలు. తలకు రెండు స్పర్శకాలు, అంటే మీసాలు. ఆ తర్వాతి వాక్యం కోసిన పేజీలోకి వెళ్ళిపోయింది. ఇంకొకడయితే ఇంత చాలదు అనుకునేవాడు, పొలంలోకి వెళ్ళి ఒక పురుగును పట్టుకొని చూసేవాడు. నేను అట్లా అనుకోలేదు. పుస్తకం చెప్పినదానికన్నా పురుగు ఎక్కువ చెబుతుందా అనుకున్నాను.

ఆ సాయంత్రం లైబ్రరీ బల్ల మీదే నోటు పుస్తకంలో దాన్ని కట్టాను. అవును, గీయడం కాదు, కట్టడమే. తల ఒక వృత్తం, లోపల కళ్ళు రెండు చిన్న వృత్తాలు. ఛాతీ చతురస్రం. ఉదరం పొడుగాటి త్రిభుజం, దానికి అడ్డంగా సమాన దూరంలో ఐదు గీతలు. పై రెక్కలు రెండు పెద్ద త్రిభుజాలు, కింది రెక్కలు రెండు అర్ధవృత్తాలు. కాళ్ళు ఆరూ స్కేలు పెట్టి గీసిన తిన్నటి గీతలు, పక్కకు మూడేసి, ఒకే కోణంలో. మీసాల కొసలకు చిన్న చిన్న చతురస్రాలు, అవి పుస్తకంలో లేవు, నాకు బాగుంటుందనిపించి పెట్టాను. రంగులు పుస్తకంలో చెప్పలేదు కాబట్టి డబ్బాల్లో మిగిలినవి వాడాను: రెక్కలు నీలం, కడుపు పసుపు, కళ్ళు ఎరుపు. ఉస్తాద్‌కు చూపిస్తే కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు చూశాడు. "మంచిగున్నది. గని దీనికి ఆకలైతదారా?" అన్నాడు. నాకు రాదనుకున్నది నేను వేశానని ఆయనకు కుళ్ళు అనుకున్నాను.

ఆరేడు గోడలు అయ్యాక ఝరాసంగం దాటి ఒక చిన్న ఊరికి వెళ్ళాను. చేలల్లోకి పోయే బాట మొదట్లో, మొదటి ఇల్లే అవ్వది. బాట వైపు కిటికీ లేని పొడుగు గోడ, నాలాంటి వాడికి అంతకన్నా ఏం కావాలి. అవ్వ ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఒక్క కూతురును కన్నడ సీమ వైపు ఇచ్చింది, ఆమె ఏడాదికి ఒకసారి వస్తే వచ్చినట్టు. అవ్వ పుట్టిల్లు కూడా అటువైపే, అందుకే మాట మధ్యలో కన్నడం దొర్లేది. గోడ రాసుకోవచ్చా అని అడిగితే రాసుకోమంది, అయితే తిని పోవాలంది. ఆ ఊళ్ళో ఎవరు ఏ పనికి వచ్చినా ఆ అవ్వ పెట్టే షరతు అదేనట.

నేను మేకు పాతి సుతిలి తిప్పుతుంటే ఆమె పేడ చేతులతోనే వచ్చి పక్కన నిలబడింది. గిదేం పురుగు కొడుకా, మా చేన్ల ఎన్నడు సూడలే అంది. ఆ ఒక్క ప్రశ్న చాలు నాకు. ఎన్నేళ్ళుగానో నన్నెవరూ అడగని ప్రశ్న. నేను బ్రష్షు పక్కన పెట్టి తలేమిటో, ఛాతీ ఏమిటో, ఉదరం ఏమిటో వేలుపెట్టి చూపించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మధ్యలో వెళ్ళిపోలేదు. ఆవులించలేదు. కాళ్ళు ఆరేనా, ఏడోది ఉంటే ఎట్ల అని అడిగింది. రెక్కలు లేకుంటే ఎట్ల అని అడిగింది. నేను లైబ్రరీ గురించి, తాళంచెవి గురించి, చదివిన పుస్తకాల గురించి అన్నీ చెప్పాను. రొట్టెలు కాల్చి, పుంటికూర వేసి ఇచ్చి, నాకు ఎదురుగా గడప మీద కూర్చొని, నేను తింటున్నంతసేపూ వింది. నా మాట కోసం ఒక మనిషి అట్లా ఎదురుగా కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

అప్పుడు ఆమె తన చేను సంగతి చెప్పింది. ఎర్ర నేల, ఎకరన్నర, కంది సాళ్ళ మధ్య జొన్న. ఆ కంది ఆమె పెళ్ళయి వచ్చేటప్పుడు తల్లి కొంగులో కట్టి పంపిన గింజ. ఏటేటా ఆ పంట గింజే మళ్ళీ విత్తుతూ వచ్చింది, బజారు గింజ ఎన్నడూ ఇంట్లోకి తేలేదు, పైగా ఊళ్ళో ఎందరికో తనే విత్తనం ఇచ్చింది. పోయిన ఏడు వానలు సరిగ్గా లేక గుమ్మిలో మిగిలింది తక్కువ, ఈ ఏడు ఉన్నదంతా చల్లేసింది. కాయ పట్టినప్పుడు పచ్చ పురుగు వస్తుంది. అది వచ్చినప్పుడు అక్కడి ఆడవాళ్ళు పదిమంది కలిసి, చెట్టు కింద పాత దుప్పటి పరిచి, చెట్టును పట్టి దులుపుతారు. పురుగులు జలజలా రాలుతాయి. ఇవాళ నీ చేనికి నేను, రేపు నా చేనికి నువ్వు, అంతే ఒప్పందం. అవ్వకు నడుము వంగిపోయి ఒకరి చేనికి పోయి దులిపే శక్తి లేదు. తిరిగి చెయ్యలేని మనిషి రమ్మని ఎన్నిసార్లు అడగగలదు? ఏడాదికి ఒక్కసారి అడుగుతుందట, ఒక్కసారికి అందరూ వస్తారట. ఆ ఒక్కసారి ఎప్పుడు పిలవాలన్నదే ఆమె బెంగ. తొందరపడి పిలిస్తే తర్వాత మళ్ళీ వస్తుంది, ఆలస్యమైతే అప్పటికే తినేస్తుంది.

నేను రొట్టె నములుతూ, చెయ్యి గోడ వైపు చాపి, ఇప్పటికీ నా చెవుల్లో మోగే మాట చెప్పాను. "గిట్ల లేనిది ఏదొచ్చినా ఫికర్ చెయ్యకు అవ్వా. గిది కనబడ్డనాడు పిలువు." అన్నాను. పెద్ద చదువరిలాగా అన్నాను. ఆమె గోడ వైపు చూసి తల ఊపింది. పక్కకు మూడేసి కాళ్ళు వేలితో లెక్కపెట్టుకుంది.

తర్వాత నేను చలికాలం చివర్లో ఝరాసంగంలో ఒక దుకాణం పేరు రాసే పని మీద వెళ్ళాను. తిరుగు దారిలో సైకిలు అటు మళ్ళించాను. నిజం చెప్పాలంటే ఆ రెండు మూడు నెలలూ నేను చదివిన ప్రతిదీ, ఇది అవ్వకు చెప్పాలి, అది అవ్వకు చెప్పాలి అనుకుంటూనే చదివాను. బాట పక్క చేలన్నీ కోత అయిపోయి కుప్పలు వేసి ఉన్నాయి. అవ్వ చేను మాత్రం కోయకుండా నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి ఒక కొమ్మ వంచి చూశాను. ప్రతి కాయకు ఒక గుండ్రటి రంధ్రం. సుతిలి తిప్పి పెట్టినంత గుండ్రంగా ఉంది. లోపల గింజ లేదు.

అవ్వ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. నన్ను చూసి లేవబోయింది, లేవలేక మళ్ళీ కూర్చుంది. నేనేమీ అడగకముందే, తప్పు చేసిన పిల్లలాగా ముఖం పెట్టి, "నీ పురుగు రాలేదు బిడ్డా. వేరేది వచ్చింది." అంది.

జరిగింది పక్కింటి ఆమె చెప్పింది, అవ్వ వినేటట్టే, కోపం దాచుకోకుండా చెప్పింది. పచ్చ పురుగు కనబడగానే ఆడవాళ్ళంతా దుప్పట్లు తీసుకొని వాళ్ళంతట వాళ్ళే వచ్చారట. అవ్వ వద్దని పంపించిందట. గోడ మీదిది ఇంకా రాలేదు, అది వచ్చిననాడు పిలుస్తా, ఇయ్యాల్నే మిమ్ముల వాడుకుంటే అప్పుడెవరొస్తరు అన్నదట. ఎన్నిసార్లు చెప్పినా, చదువుకున్న పిల్లగాడు చెప్పిండు, మీకేం తెలుసు అన్నదట. రోజూ పొద్దున చేలోకి పోయి ఒక్కొక్క చెట్టూ వెతికి, గోధుమ రంగు రెక్కల పురుగులు ఎన్ని ఎగిరినా, నీలం రెక్కలు లేవు కదా అని ఇంటికి వచ్చి గోడ చూసుకొని, మళ్ళీ పోయేదట. "ముసలిదానికి మతి లేదు, నీకన్న ఉండొద్దా?" అంది పక్కింటి ఆమె నాతో. అవ్వ ఆమెను గద్దించింది. పిల్లగానిదేం తప్పు, ఆయన చెప్పింది రాకపాయె అంది. రొట్టె పెట్టింది. ఎదురుగా కూర్చుంది. నేను తిన్నాను.

జహీరాబాద్ వచ్చి లైబ్రరీలో మిగిలిన పుస్తకాలన్నీ తిరగేశాను. వ్యవసాయం బీరువాలో అడుగున ఒక చిన్న పుస్తకంలో దొరికింది. రెక్కల పురుగు గుడ్డు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చే పిల్లకు రెక్కలుండవు, పచ్చగా పొడుగ్గా ఉంటుంది, పంటను తినేది ఆ పిల్లే. ఆ గోధుమ రంగు రెక్కలదీ, ఆ పచ్చటిదీ ఒకటే. కోసేసిన పేజీలోకి వెళ్ళిపోయిన వాక్యం బహుశా ఇదే అయి ఉంటుంది. పొలం పని చేసే ఏ మనిషిని అడిగినా సగం చెప్పేవారు. నేను ఎవరినీ అడగలేదు.

ఆ సంవత్సరం అవ్వ విత్తనానికి ఇంకొకరి గడప తొక్కింది. ఎన్నాళ్ళుగానో తన దగ్గర గింజలు తీసుకున్న వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూస్తే, వాళ్ళు కొన్నేళ్ళుగా బజారు గింజకు మారిపోయారు. తల్లి కొంగులో కట్టి పంపిన గింజ ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. ఈ మాట నాకు తర్వాత తెలిసింది.

మళ్ళీ దసరా ముందు, చెప్పకుండా ఉండలేక, వెళ్ళాను. సైకిలు హ్యాండిల్‌కు సున్నం డబ్బా, కుంచె, వెనక క్యారియర్ మీద మంచి కంది గింజలు ఒక సంచి. గోడ తుడిచేసి, నిజం చెప్పి, గింజలిచ్చి వచ్చేయాలని. దారంతా మాటలు పేర్చుకున్నాను, గోడ మీద అక్షరాలకు జాగా కొలుచుకున్నట్టు. తీరా బాట మలుపు తిరిగేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. పండగకని అవ్వ సున్నం వేసింది. సేటు దుకాణం పేరు, నా అక్షరాలు అన్నీ సున్నం కింద మునిగిపోయాయి. పురుగు మాత్రం అట్లాగే ఉంది. ఆమె దాని చుట్టూ, రెక్కల అంచుల వెంట, మీసాల కొసల చతురస్రాల చుట్టూ కూడా జాగ్రత్తగా సున్నం పూసింది. వానకు కాళ్ళు చెరిగిపోతే ఎర్ర జాజు మట్టి కలిపి వేలితో మళ్ళీ దిద్దింది. వంగని నా ఆరు గీతలు ఆమె వేలికి వంకర్లు తిరిగాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, ఒకటి కొంచెం మడిచి. మొదటిసారి ఆ పురుగు ఎటో నడవబోతున్నట్టు కనిపించింది నాకు. ఉస్తాద్ చూసి ఉంటే, ఇప్పుడు దీనికి ఆకలైంది అనేవాడు.

నా చేతిలో డబ్బా చూసి అవ్వకు అర్థమైంది. తుడువనీకొచ్చినవా, వద్దు, ఉండనియ్యి అంది. ఇంట్ల నాకు మాట్లాడనీకి ఎవరున్నరు, పొద్దూకంగ గీడ కూసుంటే జర తోడున్నట్టు ఉంటది, ఈయేడన్న వస్తదేమో సూస్త అంది. అప్పటికీ ఆమె ఎదురుచూస్తోంది. నేను సైకిలు పట్టుకొని నిలబడే, తల ఎత్తకుండా చెప్పాను.

"అవ్వా, గిసొంటి పురుగు ఏడ లేదు. నేనే చేసిన. పుస్తకంల బొమ్మ లేకుంటే, మేకు కొట్టి సుతిలి తిప్పి చేసిన."

ఆమె గోడను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ గోడను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే ఇగ ఎన్నటికి రాదన్నట్టు." అంది.

అంతే అంది. గింజల సంచి విప్పితే పిడికెడు తీసుకొని అరచేతిలో పరిచి, ఒక్కొక్కటి బొటనవేలితో దొర్లించి చూసి, మళ్ళీ సంచిలో పోసేసింది. గింజ మంచిగనే ఉన్నది, నాది గాదు అంది. ఆమె చేతిలోంచి జారి కింద పడిన నాలుగు గింజలను మాత్రం ఏరి కొంగున కట్టుకుంది, పారేయడం ఆమెకు చేతకాదు. సున్నం డబ్బా మూత తీయనివ్వలేదు. లోపలికి వెళ్ళి రొట్టె తెచ్చి నా ముందు పెట్టింది. కానీ ఆ రోజు నాకు ఎదురుగా కూర్చోలేదు. నేను తింటున్నంతసేపూ ఇంటి వెనకాల ఏదో పని చేసుకుంటున్న చప్పుడు వినిపించింది, నేను వెళ్తున్నానని కేకేసినా రాలేదు.

నేను మళ్ళీ ఆ గడపకు వెళ్ళలేదు. ఆ వైపు పని పడితే చుట్టూ తిరిగి ఇంకో బాటన పోయేవాణ్ణి. కొన్నేళ్ళకు షేరింగ్ ఆటోలో నా పక్కన కూర్చున్న ఒకామె ఆ ఊరిదని తెలిసి, అడగాలా వద్దా అని ఝరాసంగం నుంచి జహీరాబాద్ దాకా ఊగిసలాడి, దిగేముందు అడిగాను. అవ్వ పోయి చాలా రోజులైందంది. ఇల్లు వానకు కూలితే కూతురు జాగా అమ్మేసిందట. గోడ మీద పురుగు బొమ్మ ఉండేదే, ఆ ఇల్లేనా అని అడిగాను. అవును, ముసలామె ఏటేటా దాన్ని దిద్దేది, ఎందుకు దిద్దేదో ఎవరికెరుక అని చెప్పి ఆమె దిగిపోయింది. ఏటేటా దిద్దేది. నేను నిజం చెప్పిన తర్వాత కూడా.

ఇప్పుడు ఊళ్ళకు వెళ్తే రాసిన గోడ ఒక్కటి కనబడదు. ఫ్లెక్సీలు వచ్చాయి, రెండు గంటల్లో అచ్చయి వస్తాయి, ఎద్దు అచ్చం ఎద్దులాగే ఉంటుంది. చేలో ఏ పురుగు కనబడ్డా సెల్‌ఫోను ముందు పెడితే పేరు, మందు అన్నీ చెప్పేస్తుందని మొగుడంపల్లి వైపు కుర్రవాళ్ళు నాకు చూపించారు. ఇది చాలా మంచిది, ఏ అవ్వా ఇంక నాలాంటి వాణ్ణి నమ్మనక్కర్లేదు. లైబ్రరీలో పొడుగు బల్ల అట్లాగే ఉంది. పోటీ పరీక్షల పిల్లలు నిండా కూర్చుంటారు, నాకు చోటిస్తారు, పెద్దాయనా కూర్చో అంటారు, నేనేం చదువుతున్నానని మాత్రం అడగరు. గోడ రాయడానికి వెళ్తే ఒక పూటంతా అక్కడే ఉండాల్సి వచ్చేది, ఇంటివాళ్ళతో నాలుగు మాటలు తప్పేవి కావు. ఫ్లెక్సీ కట్టడానికి వచ్చినవాడు బండి కూడా ఆపడు.

ఆదివారం ఆ పిల్లకు ఆకారాలన్నీ అతికించడంలో సాయం చేశాను. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా స్కేలు తీసుకున్నాను. ఎందుకో తీసుకున్నది పక్కన పెట్టి, గిన్నెలో ఎర్ర రంగు కలిపి, వేలితో దిద్దాను. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, ఒకటి కొంచెం మడిచి. దీనికి పేరేంది తాతా అని ఆ పిల్ల అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు, అవ్వ సాయంత్రాలు దాన్ని ఏమని పిలిచేదో ఆనాడు అడగలేదు.

నిన్న సాయంత్రం ఆ పిల్ల మూతి ముడుచుకొని మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. కాళ్ళు సరళ రేఖలుగా లేవని టీచరు ఎర్ర పెన్నుతో రాసి మార్కు తగ్గించిందట. అంతా నీ వల్లనే తాతా, నాకు వద్దు, నువ్వే పెట్టుకో అని అట్టముక్క నా మంచం మీద పడేసి, కింద టీవీ మోగుతుంటే పరుగెత్తిపోయింది. నేను దాన్ని గోడకు తగిలించాను, మంచం మీద కూర్చుంటే ఎదురుగా కనబడేటట్టు.

ఎవరూ రాని ఇంటికి, ఒకటి వస్తుందని చెప్పి వచ్చిన వాణ్ణి నేను. అది ఎన్నటికీ రాదని చెప్పిన వాణ్ణీ నేనే. ఆ రెండింటిలో ఏది పెద్ద తప్పో ఇన్నేళ్ళు చదివినా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇవాళ రొట్టె చేసుకొని పళ్ళెంలో పెట్టుకొని, ఆ పురుగుకు ఎదురుగా కూర్చొని తిన్నాను.